డ్రాప్ ఎక్కడ, క్యాషా ఆన్‌లైనా? క్యాబ్ యాప్‌లో డబ్బు నడిచే దారి

క్లుప్తంగా: క్యాబ్ యాప్‌లో కనిపించే ధర మీటరు చూపిన అంకె కాదు, ప్రయాణానికి ముందే వేసిన లెక్క. ఆ డబ్బు కంపెనీ ఖాతా మీదుగా వెళ్తుందా, నేరుగా డ్రైవరు చేతికి వెళ్తుందా అన్నదాన్ని బట్టి కమిషన్, జీఎస్టీ, రిఫండు, డ్రైవర్ల సంక్షేమ నిధి అన్నీ మారిపోతాయి. కిరాయిలో కంపెనీ తీసుకునే కమిషన్ పోయి, డ్రైవరు కంపెనీకి కట్టే రోజువారీ చందా వస్తున్న ఈ దశలో ప్రయాణికుడికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న ముందుకొచ్చింది. 2025 కేంద్ర మార్గదర్శకాలు దానికి కొంత సమాధానం చెప్పాయి. మిగతాది రాష్ట్రాలు ప్రకటించాల్సిన కనీస కిరాయి (ధర హద్దులను లెక్కగట్టే మూల ధర, బేస్ ఫేర్) మీద ఆధారపడి ఉంది.

సాయంత్రం ఏడు గంటలు. రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద వానకు తలదాచుకుని పది పదిహేను మంది ఫోన్లు చూస్తూ నిలబడి ఉంటారు. ఒకరి తెరపై డ్రైవరు పేరు, బండి నంబరు, నాలుగంకెల ఓటీపీ వస్తాయి. మ్యాపులో చిన్న కారు బొమ్మ కదలదు. అంతలో ఫోను మోగుతుంది. "డ్రాప్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" జవాబు విన్నాక అవతల ఒక్క క్షణం మౌనం. ఆ తర్వాత "మీరే క్యాన్సిల్ చేయండి సార్" అన్న మాట.

హైదరాబాద్‌లో యాప్ క్యాబ్ ఎక్కే ప్రతి ఒక్కరికీ ఈ సంభాషణ పరిచయమే. దీన్ని డ్రైవరు మొండితనంగానో, ప్రయాణికుడి దురదృష్టంగానో తీసుకుని వదిలేస్తే అసలు విషయం అందదు. ఆ ప్రశ్నల వెనుక ఒక లెక్క ఉంది. క్యాన్సిల్ మీట ఎవరు నొక్కాలన్న పట్టుదల వెనుక ఇంకో లెక్క ఉంది. డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూస్తే రెండూ అర్థమవుతాయి.

పసుపు బోర్డు మీద ఎన్ని అనుమతులు

మన దేశంలో కిరాయికి తిరిగే కారుకు పసుపు రంగు నంబరు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి. విద్యుత్ కారైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. ఆ రంగు వెనుక కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ (బండి మొత్తాన్ని కిరాయికి ఇచ్చే అనుమతి), ఫిట్‌నెస్ పత్రం, వాణిజ్య వాహన బీమా ఉన్నాయని అర్థం. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పితే పర్మిట్ నిబంధన తప్పినట్టే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారానికి అడ్డం చెప్పడానికి అదే కారణమవుతుంది.

డ్రైవరు లైసెన్సు విషయంలో చాలాకాలం గందరగోళం నడిచింది. సాధారణ తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవారు కిరాయి కారు నడపాలంటే ప్రత్యేక అనుమతి కావాలా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 7,500 కిలోల లోపు వాహనాలకు అక్కర్లేదని 2017లో వచ్చిన తీర్పును అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఖాయం చేసింది.

కారుకూ, డ్రైవరుకూ అనుమతులు ముందు నుంచీ ఉన్నాయి. లేనిది మధ్యలో ఉన్న యాప్‌కే. ఓలా 2010లో మొదలైంది, ఉబర్ 2013లో బెంగళూరులో అడుగుపెట్టింది. తాము టాక్సీలు నడపడం లేదనీ, నడిపేవారినీ ఎక్కేవారినీ కలిపే సాఫ్ట్‌వేర్ సంస్థలమేననీ యాప్ కంపెనీలు అంతటా వాదించేవి. 2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ క్యాబ్‌లో ఒక యువతిపై జరిగిన అత్యాచారం ఆ వాదనను గట్టిగా కుదిపింది. డ్రైవరు పూర్వాపరాలు చూడాల్సింది ఎవరన్న ప్రశ్న దేశమంతా లేచింది. చట్టంలో జవాబు రావడానికి మాత్రం 2019 దాకా పట్టింది. ఆ ఏడాది మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రయాణికుడినీ డ్రైవరునూ కలిపే డిజిటల్ మధ్యవర్తిని 'అగ్రిగేటర్' అని నిర్వచించారు. 93వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి చేశారు. ఆ లైసెన్సు ఎలా ఇవ్వాలో చెప్పే మార్గదర్శకాలు 2020 నవంబరులో వచ్చాయి. వాటి స్థానంలో కొత్తవి 2025 జూలై 1న వెలువడ్డాయి.

పర్మిట్ అనేది కాగితం మీది మాట మాత్రమే కాదని తెలుగువారికి దగ్గరగా తెలిసిన సందర్భం ఒకటుంది. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది. అప్పటిదాకా ఏపీ రిజిస్ట్రేషన్ ఉన్న క్యాబులు నగరంలో తిరుగుతూనే ఉన్నాయి. గడువు తీరాక స్థానిక డ్రైవర్లు అభ్యంతరం చెప్పారు. తమను అడ్డుకుంటున్నారని ఏపీ డ్రైవర్లు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసి మొరపెట్టుకున్నారు. యాప్ దృష్టిలో రెండు కార్లూ మ్యాపు మీద ఒకేలాంటి చుక్కలు. పర్మిట్ దృష్టిలో ఒకటి స్థానిక బండి, మరొకటి పొరుగు రాష్ట్రం బండి. ఏళ్ల తరబడి అదే రోడ్ల మీద బతికిన మనిషికి రాత్రికి రాత్రి జీవనాధారం ప్రశ్నార్థకమైంది.

మీటరు కొలుస్తుంది, యాప్ ఊహిస్తుంది

పాత టాక్సీలో ధర ప్రయాణం ముగిశాకే తెలిసేది. చక్రం తిరిగిన దూరాన్నీ, ఆగి ఉన్న సమయాన్నీ మీటరు కొలిచేది. కొలమానం ప్రభుత్వానిది, సీలు తూనికలు కొలతల శాఖది. యాప్‌లో ధర ముందే తెలుస్తుంది. ఆ దారిలో ఎంత దూరం, ఆ వేళ ఎంత ట్రాఫిక్, ఆ చుట్టుపక్కల ఎన్ని ఖాళీ బండ్లు, ఎంతమంది అడుగుతున్నారు అన్న నాలుగు విషయాల మీద కంపెనీ సర్వరు వేసిన అంచనా అది.

సౌకర్యం ఎక్కువే. బేరం లేదు, దారి తిప్పి తీసుకెళ్తారన్న భయం లేదు. అయితే అంచనా తప్పినప్పుడు ఎవరో ఒకరు మోయాలి. రాయదుర్గం నుంచి సికింద్రాబాద్‌కు 55 నిమిషాలని లెక్కేసిన ప్రయాణం, వానకు గంటా ముప్పావు పట్టిందనుకుందాం. మీటరైతే ఆగిన సమయానికీ కొంత వచ్చేది. ముందే ఖాయమైన ధరలో ఆ అదనపు భారం చాలావరకు డ్రైవరు మీదే పడుతుంది. వాన పడే సాయంత్రం ధర రెట్టింపు చూపిస్తున్నా డ్రైవర్లు రాకపోవడానికి ఇదో కారణం. పెరిగిన ధర ప్రయాణికుడికి భారం, పెరిగిన సమయం డ్రైవరుకు నష్టం.

బండిని కేటాయించే తీరు కూడా తెలుసుకోదగ్గది. సరళ రేఖలో ఎవరు దగ్గరుంటే వారికి గిరాకీ ఇవ్వరు. రోడ్డు మీద చేరుకోవడానికి పట్టే సమయం చూస్తారు. నగరాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఉబర్ ఇందుకు ఆరు భుజాల గళ్ల పద్ధతి వాడుతుంది. గడిలో అడిగేవారు ఎక్కువై బండ్లు తగ్గితే ఆ గడిలో ధర పెరుగుతుంది. రోడ్డు దాటి అవతలి వైపు నిలబడితే ధర మారడం అందుకే.

మిగతా ప్రపంచం ఈ సమస్యను ఒకేలా పరిష్కరించుకోలేదు. లండన్‌లో నల్ల టాక్సీలకు మాత్రమే మీటరు పెట్టుకునే హక్కుంది. దూరాన్నీ సమయాన్నీ బట్టి డబ్బు లెక్కగట్టే ఫోను కూడా మీటరే కదా అని అక్కడ వ్యాజ్యం నడిచింది. ఫోను వివరాలు పంపుతుందే తప్ప లెక్క సర్వరులో జరుగుతుంది కాబట్టి అది మీటరు కాదని హైకోర్టు 2015 అక్టోబరులో తేల్చింది. ఆ తీర్పుతో మీటరు లేకుండానే మీటరు పని చేసే వ్యవస్థ చట్టబద్ధమైంది. రెండేళ్లకు, 2017 డిసెంబరు 20న, ఐరోపా న్యాయస్థానం మరో వైపు నుంచి చూసి, ఉబర్ అందించేది సాఫ్ట్‌వేర్ సేవ కాదు, రవాణా సేవేనని చెప్పింది.

జపాన్ దారి వేరు. అక్కడ ఎక్కువ వాడుకలో ఉన్న 'గో' యాప్ ప్రధానంగా పిలిచేది లైసెన్సు ఉన్న టాక్సీ కంపెనీల బండ్లను. ప్రయాణికుడు ఎక్కాక మామూలు మీటరు తిరుగుతుంది. యాప్ ద్వారా పిలిచినందుకు, బండి అక్కడి దాకా ఖాళీగా వచ్చినందుకు, విడిగా పిలుపు రుసుము ఉంటుంది. ముందే ధర ఖాయం చేసుకునే వీలును ప్రభుత్వం 2019లో చేర్చింది. ఇందులో మనకు పనికొచ్చే అంశం ఆ పిలుపు రుసుము. ఖాళీగా నడిచిన కిలోమీటరుకూ ఖర్చుందని బిల్లు మీదే ఒప్పుకోవడం అది. మన యాప్ క్యాబుల తగాదాల్లో పెద్ద భాగం ఆ ఖాళీ కిలోమీటరు చుట్టూనే తిరుగుతుంది.

నాలుగు వందల కిరాయిలో ఎవరి వాటా ఎంత

లెక్క కోసం ఒక ట్రిప్పు తీసుకుందాం. కిరాయి 400 రూపాయలు. యాప్ ద్వారా ప్రయాణానికి 5 శాతం జీఎస్టీ, అంటే 20. ప్రయాణికుడు కట్టేది 420. కంపెనీ కమిషన్ 20 శాతమైతే 80 రూపాయలు. డ్రైవరుకు మిగిలేది 320.

ఆన్‌లైన్‌లో కడితే 420 మొత్తం కంపెనీ ఖాతాకు వెళ్తుంది. తన 80, ప్రభుత్వానికి చెల్లించాల్సిన 20 మినహాయించుకుని, 320 తర్వాత డ్రైవరు ఖాతాలో వేస్తుంది. నగదు అయితే 420 డ్రైవరు చేతికే వస్తుంది. అందులో 100 రూపాయలు అతను కంపెనీకి బాకీ. ఆ బాకీ యాప్‌లోని అతని ఖాతాలో మైనస్‌గా పేరుకుంటుంది. పరిమితి దాటితే గిరాకీలు ఆగిపోతాయి. కట్టాక మళ్లీ మొదలవుతాయి.

కాగితం మీద రెండింటికీ తేడా లేదు, ఎటు తిప్పినా 320. బండి మీద తేడా ఉంది. పొద్దున సీఎన్‌జీ కొట్టించాలి, మధ్యాహ్నం భోజనం చేయాలి, ఔటర్ రింగ్ రోడ్డు మీద టోలు కట్టాలి. లీజు బండి అయితే యజమానికి ఆ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలి. సొంత బండి అయితే నెల తిరిగేసరికి ఫైనాన్స్ కిస్తీ సిద్ధంగా ఉండాలి. చేతిలోని నోటుకు రేపు ఖాతాలో పడే అంకె సాటి రాదు. అందుకే "క్యాషా, ఆన్‌లైనా?"

"డ్రాప్ ఎక్కడ?" అన్నది ఖాళీ కిలోమీటర్ల ప్రశ్న. ఎక్కించుకోవడానికి 3 కిలోమీటర్లు ఖాళీగా వచ్చి, 9 కిలోమీటర్లు తీసుకెళ్లి, గిరాకీ దొరకని చోటు నుంచి మరో 6 కిలోమీటర్లు ఖాళీగా తిరిగొస్తే, బండి నడిచింది 18 కిలోమీటర్లు, డబ్బు వచ్చింది తొమ్మిదింటికి. కిలోమీటరు ధర ఎంత బాగున్నా అది సగానికి పడిపోయినట్టే. ఒకప్పుడు గమ్యం డ్రైవరుకు ముందుగా చూపేవారు కాదు. 2021 చివర్లో ఓలా, 2022లో ఉబర్ గమ్యాన్నీ, చెల్లింపు పద్ధతినీ ముందే చూపుతామని ప్రకటించాయి. ఆ తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు. ఎందుకంటే రెండో లెక్క మిగిలే ఉంది. డ్రైవరు క్యాన్సిల్ చేస్తే అతని రికార్డు పాడవుతుంది, గిరాకీలు తగ్గే ప్రమాదం ఉంది. ప్రయాణికుడు చేస్తే రుసుము ప్రయాణికుడి మీద పడుతుంది. "మీరే క్యాన్సిల్ చేయండి" అన్న మాట ఆ జరిమానాను ఇటు నుంచి అటు నెట్టే ప్రయత్నం.

కిరాయికి రాననడం చట్టరీత్యా కూడా తప్పే. మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ కింద కాంట్రాక్ట్ క్యారేజ్ డ్రైవరు కారణం లేకుండా నిరాకరిస్తే కారుకు 500 రూపాయల దాకా జరిమానా ఉంది. కొత్త సంవత్సరం రాత్రి సైబరాబాద్ పోలీసులు గుర్తుచేసేది ఈ నిబంధననే. వీధిలో చెయ్యెత్తి ఆపిన ఆటోను దృష్టిలో పెట్టుకుని రాసిన సెక్షన్ అది. యాప్‌లో గిరాకీని ఒప్పుకుని, రాకుండా కదలకుండా కూర్చున్న బండికి దాన్ని వర్తింపజేయాలంటే నిరాకరణకు రుజువు కావాలి. ఆ రుజువు యాప్ కంపెనీ సర్వరులో ఉంటుంది.

నగదు దారి హైదరాబాద్‌లోనే మొదలైంది

యాప్‌తో పిలిచిన క్యాబ్‌కు నోట్లు ఇవ్వడం ఈరోజు మామూలు విషయం. ఉబర్ చరిత్రలో అది ఒక మలుపు. అమెరికాలో ఆ సంస్థ పుట్టింది క్రెడిట్ కార్డు మీద. దిగి వెళ్లిపోతే చాలు, డబ్బు దానంతటదే కట్ అవుతుంది. మన దేశంలో కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణ (ఓటీపీ వంటిది) తప్పనిసరి. విదేశీ చెల్లింపు మార్గం వాడి దాన్ని తప్పించుకోవడం కుదరదని రిజర్వు బ్యాంకు 2014 ఆగస్టులో స్పష్టం చేసింది. దాంతో ఉబర్ ముందు పేటీఎం వ్యాలెట్‌కు మళ్లింది. 2015 మేలో ప్రపంచంలోనే మొదటిసారిగా నగదు చెల్లింపును ప్రయోగించింది. ఆ ప్రయోగానికి ఎంచుకున్న నగరం హైదరాబాద్.

మరుసటి ఏడాది యూపీఐ వచ్చింది. కార్డు లేనివారు, కార్డు నంబరు యాప్‌కు ఇవ్వడం ఇష్టం లేనివారు కూడా ఆన్‌లైన్‌లో కట్టగలిగారు. అంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకోటి జరిగింది. డ్రైవరు ఫోనులోనే క్యూఆర్ కోడ్ చేరింది. దీంతో 'ఆన్‌లైన్' అన్న మాటకు రెండు అర్థాలొచ్చాయి. యాప్‌లోపల కట్టడం ఒకటి, దిగేటప్పుడు డ్రైవరు కోడ్‌ను స్కాన్ చేయడం మరొకటి. ప్రయాణికుడికి రెండూ ఒకే ఫోనులో, ఒకే బ్యాంకు ఖాతా నుంచి, ఒకే వేలితో జరిగే పనులు. మొదటిదానిలో డబ్బు కంపెనీ చేతిలో ఆగుతుంది. రెండోదానిలో కంపెనీ ఆ డబ్బును ముట్టుకోదు. యాప్ కంపెనీల వ్యాపార పద్ధతే మారిపోవడానికి ఈ తేడా చోటిచ్చింది.

కమిషన్ పోయి చందా

2022 నవంబరులో బెంగళూరులో 'నమ్మ యాత్రి' మొదలైంది. కమిషన్ లేదు. ఆటో డ్రైవరు రోజుకు 25 రూపాయల వంటి చిన్న చందా కడితే ఆ రోజు ఎన్ని ట్రిప్పులైనా వేసుకోవచ్చు, కిరాయి మొత్తం అతనికే. ఇదే పద్ధతిలో 2024లో హైదరాబాద్‌లో 'మన యాత్రి' వచ్చింది. ర్యాపిడో 2023 డిసెంబరులో క్యాబుల్లోకి దిగినప్పుడు చందా పద్ధతినే ఎంచుకుంది. ఉబర్ 2025 ఫిబ్రవరిలో ఆటోలను, ఓలా అదే ఏడాది జూన్‌లో అన్ని రకాల వాహనాలను ఈ దారికి తెచ్చాయి. కేరళ కార్మిక శాఖ 2022లో తెచ్చిన 'కేరళ సవారీ', డ్రైవర్లే సభ్యులుగా 2025లో సహకార సంఘంగా నమోదైన 'భారత్ టాక్సీ' వేరే దారుల్లో అదే లక్ష్యం వైపు నడుస్తున్నవి.

డ్రైవరుకు ఇందులో మేలు స్పష్టం. పైన చెప్పిన లెక్కలో 80 రూపాయలు అతని జేబులోనే ఉంటాయి. రోజుకు ఎనిమిది పది ట్రిప్పులు వేసేవారికి చందా పెద్ద భారం కాదు. ఒంట్లో బాగోలేక రెండు ట్రిప్పులకే ఇంటికెళ్లిన రోజున చందా నష్టమే. అయినా ఆదాయంలో అయిదో వంతు పోవడం కంటే నయమని ఎక్కువ మంది భావించడం సహజం.

ప్రయాణికుడి వైపు మార్పు మెల్లగా తెలిసొస్తుంది. ఉబర్ ఆటో విషయంలో ఆ సంస్థే చెప్పిన నిబంధనలు చూడండి. యాప్‌లో కనిపించేది సూచిత ధర మాత్రమే. అసలు కిరాయి డ్రైవరూ ప్రయాణికుడూ అనుకున్నది. డబ్బు నేరుగా డ్రైవరుకే, నగదు గానీ యూపీఐ గానీ. యాప్‌లో ఉన్న తగ్గింపులు వర్తించవు. అంటే బేరం తప్పించడానికి వచ్చిన యాప్, బేరాన్ని తిరిగి ఆటో దగ్గరికే చేర్చింది. కిరాయి ఎక్కువ తీసుకున్నారని ఫిర్యాదు చేస్తే, తన చేతికి రాని డబ్బును కంపెనీ వెనక్కి ఇవ్వాల్సిన పని లేకుండా పోయింది.

కమిషన్ పద్ధతిలో రిఫండు ఎలా నడిచేదో పోల్చి చూడాలి. అప్పుడు కూడా అంతా సజావుగా లేదు. రిఫండును ఓలా కూపన్ల రూపంలోనే ఇస్తోందన్న ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఆదేశం ఇచ్చింది. బ్యాంకు ఖాతాకా, కూపనా అన్నది ఎంచుకునే అవకాశం ప్రయాణికుడికే ఇవ్వాలని చెప్పింది. డబ్బు కంపెనీ చేతిలో ఉంది కాబట్టే ఆ ఆదేశానికి అర్థముంది. నేరుగా డ్రైవరుకు చేరిన డబ్బు మీద అలాంటి ఆదేశం ఎవరికి ఇవ్వాలి?

పన్నులోనూ ఇదే చిక్కు. జీఎస్టీ చట్టం 9(5) సెక్షన్ కింద యాప్ ద్వారా జరిగే ప్రయాణాలకు పన్ను కట్టాల్సింది డ్రైవరు కాదు, యాప్ కంపెనీ. ఆటోలకు కూడా ఇది 2022 జనవరి 1 నుంచి వర్తించింది. మేము కిరాయి వసూలు చేయడం లేదు, సాఫ్ట్‌వేర్ అద్దెకిస్తున్నాం అన్న చందా కంపెనీలు ఆ పన్ను కట్టాలా? పన్ను వర్తిస్తుందా లేదా అన్నది అడిగినవారికి ముందుగానే చెప్పే కర్ణాటకలోని అడ్వాన్స్ రూలింగ్ ప్రాధికార సంస్థ నమ్మ యాత్రి విషయంలో అక్కర్లేదని, ఉబర్ విషయంలో కట్టాల్సిందేనని చెప్పింది. పైకి ఒకేలా కనిపించే రెండు చందా యాప్‌ల మీద రెండు రకాల అభిప్రాయాలు వస్తే, 5 శాతం తేడా ప్రయాణికుడి బిల్లు మీదే తేలుతుంది.

కనీస కిరాయి ఎవరు చెప్పాలి

2025 మార్గదర్శకాల్లో ప్రయాణికులను నేరుగా తాకేవి కొన్ని ఉన్నాయి. రద్దీ వేళ ధర కనీస కిరాయికి రెండింతలు దాటకూడదు. 2020లో ఈ హద్దు ఒకటిన్నర రెట్లే. ధర ఎంత తగ్గించినా కనీస కిరాయిలో సగం కంటే కిందికి పోకూడదు. ఒప్పుకున్న ట్రిప్పును సరైన కారణం లేకుండా ఎవరు క్యాన్సిల్ చేసినా కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు కట్టాలి. సొంత బండి ఉన్న డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలి. డ్రైవరుకు కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా ఉండాలి. ప్రయాణం 3 కిలోమీటర్ల లోపైతే తప్ప ఖాళీగా వచ్చిన దూరానికి ప్రయాణికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

వీటిలో ధరకు సంబంధించినవన్నీ 'కనీస కిరాయి' అన్న ఒక్క అంకెకు గుణకాలు. కిలోమీటరుకు 20 రూపాయలని రాష్ట్రం చెబితే హద్దులు 10 నుంచి 40. రాష్ట్రం ఏమీ చెప్పకపోతే? కంపెనీయే తన కనీస కిరాయిని నిర్ణయించి రాష్ట్రానికి తెలపవచ్చునని మార్గదర్శకాలు అంటున్నాయి. హద్దును కొలిచే బద్ద, హద్దులో ఉండాల్సినవారి చేతికే వెళ్లిందన్నమాట. రెండింతలు అన్న పరిమితి బలం అక్కడే తగ్గిపోతుంది.

కర్ణాటక 2024 జనవరిలోనే అంకె చెప్పింది. 10 లక్షల లోపు ధర ఉన్న కార్లకు మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24. మహారాష్ట్ర 2025లో ముంబయి యాప్ క్యాబులకు కిలోమీటరుకు 22 రూపాయల 72 పైసలు నిర్ణయించి, రద్దీ హద్దును ఒకటిన్నర రెట్ల దగ్గరే ఉంచింది. ఈ రెండు చోట్లా ప్రయాణికుడు తన బిల్లును ఒక అధికారిక అంకెతో పోల్చి చూసుకోగలడు. హైదరాబాద్‌లో ఆటో మీటరు ధరను 2014లో సవరించారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. పదేళ్లు గడిచినా అది మారలేదు. ఇంధనం ధర మారింది, బండి ధర మారింది, మీటరు ధర అక్కడే ఉండిపోయింది. ఆటోల్లో మీటరు వేయకపోవడానికీ, అధికారిక ధరను ఇరుపక్షాలూ పట్టించుకోకపోవడానికీ ఇంతకంటే కారణం వెతకనక్కర్లేదు. క్యాబుల కనీస కిరాయి కూడా ఒకసారి ప్రకటించి వదిలేస్తే ఇదే గతి పడుతుంది. ఇంధనం ధరకు ముడిపెట్టి నిర్ణీత వ్యవధిలో సవరించే ఏర్పాటు ఉంటేనే ఆ అంకెకు విలువ నిలుస్తుంది.

సంక్షేమ నిధికి తగిలే దెబ్బ

డబ్బు దారి మారడం వల్ల వచ్చే ఇంకో పర్యవసానం అంతగా చర్చకు రాలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం అగ్రిగేటర్లు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం గిగ్ కార్మికుల (యాప్‌ల ద్వారా పని చేసే డ్రైవర్ల వంటివారి) నిధికి ఇవ్వాలి. దానికో గరిష్ఠ పరిమితి ఉంది. కార్మికులకు కంపెనీ చెల్లించిన, చెల్లించాల్సిన మొత్తంలో 5 శాతం దాటనక్కర్లేదు.

కమిషన్ పద్ధతిలో ఈ లెక్క కుదురుతుంది. కంపెనీ డ్రైవరుకు 320 చెల్లిస్తోంది, అందులో 5 శాతం 16 రూపాయలు. చందా పద్ధతిలో కంపెనీ డ్రైవరుకు చెల్లించేది ఏమీ లేదు. డ్రైవరే కంపెనీకి చెల్లిస్తున్నాడు. అక్షరాలా చదివితే గరిష్ఠ పరిమితి సున్నా దగ్గర పడుతుంది. టర్నోవరు కూడా కిరాయిల మొత్తం కాక చందాల మొత్తమే అవుతుంది. ప్రమాదంలో కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో కూర్చున్న డ్రైవరును ఆదుకోవాల్సిన నిధి, అతని చేతికి కిరాయి మొత్తం వస్తోందన్న కారణంతోనే చిక్కిపోయే అవకాశం ఉంది. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చేసిన చట్టాలు ప్రతి లావాదేవీ మీద రుసుము అన్న ఆలోచనతో నడిచాయి. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు ప్రకటించింది. నేరుగా డ్రైవరుకు చేరే చెల్లింపును ఈ చట్టాలు లావాదేవీగా పరిగణిస్తాయా అన్నది నిబంధనలు రాసేటప్పుడే తేల్చాల్సిన విషయం. తర్వాత సవరించుకుందామంటే అప్పటికి కంపెనీలన్నీ చందాలోకి మారిపోయి ఉంటాయి.

ప్రయాణికుడి దగ్గర మిగలాల్సిన ఆధారం

యాప్‌లో కట్టిన ట్రిప్పుకు రసీదు మెయిల్‌కు వస్తుంది. కిరాయి, పన్ను, బుకింగ్ రుసుము విడివిడిగా ఉంటాయి. కంపెనీ జీఎస్టీ నంబరు ఉంటుంది. డ్రైవరు క్యూఆర్ కోడ్‌కు కడితే మిగిలేది ఒక యూపీఐ లావాదేవీ సంఖ్య, ఎదుట ఒక వ్యక్తి పేరు. ఆ పేరు ఒక్కోసారి డ్రైవరుది కూడా కాదు, ఇంట్లో మరొకరిది. ఏ ట్రిప్పుకు ఆ డబ్బు కట్టారో అందులో ఎక్కడా ఉండదు.

కాబట్టి నేరుగా కట్టే ప్రయాణాల్లో బుక్ చేసినప్పుడు కనిపించిన ధర, బండి నంబరు, ట్రిప్పు సంఖ్య ఉన్న తెరను ఫొటోగా దాచుకోవాలి. యూపీఐలో కట్టేటప్పుడు వివరాల గడిలో ట్రిప్పు సంఖ్య రాయాలి. ఎక్కేముందు ప్లేటు పసుపో ఆకుపచ్చో, నంబరు యాప్‌లో ఉన్నదేనో చూశాకే ఓటీపీ చెప్పాలి. ఓటీపీ చెప్పిన క్షణం నుంచి ఆ ప్రయాణం యాప్ రికార్డులోకి వస్తుంది. ఓటీపీ లేకుండా, క్యాన్సిల్ చేయించి, "అదే ధరకు బయట తీసుకెళ్తా" అన్న బండి ఎక్కితే ఆ ట్రిప్పు యాప్‌లో ఉండదు, దాని మీద ఆధారపడిన భద్రతా ఏర్పాటూ ఉండదు. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ మొదట అడిగేవి ఆ ట్రిప్పు వివరాలు, చెల్లింపు ఆధారాలే.